అమీర్‌పేటలో అమెరికా పన్నులు నేర్పే మాస్టార్లకు

మాస్టార్లకు నమస్కారం.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, అటు విజయవాడ, విశాఖ... ఎక్కడ ‘యు.ఎస్. ట్యాక్సేషన్’ అని బోర్డు పెట్టి బి.కామ్ పిల్లలకు పాఠం చెబుతున్నా, ఈ ఉత్తరం మీకే. పదిహేనేళ్లుగా నేను హైదరాబాద్‌లో అమెరికా పన్నుల పనే చేస్తున్నాను. మొదట రిటర్నులు తయారుచేసే ప్రిపేరర్‌గా, తర్వాత వాటిని సరిచూసే రివ్యూయర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఒక టీమ్‌ని చూసుకుంటున్నాను. మీ దగ్గర చదువుకున్న పిల్లలు మా దగ్గరికే వస్తారు. మీరు నేర్పినవీ నేర్పనివీ జనవరి రాగానే మా డెస్కుల మీద తేలిపోతాయి. మీలో కొందరు ఒకప్పుడు మా పక్క సీట్లలో కూర్చుని పనిచేసినవాళ్లే. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

పోయిన జూన్‌లో మా టీమ్‌లో ఒక అమ్మాయి చేరింది. మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. తెలివైన పిల్ల, కష్టపడుతుంది. మొదటి వారంలోనే ఏదో సందేహం అడగడానికి తన కోర్సు నోట్స్ పట్టుకొచ్చింది. స్పైరల్ బైండింగ్, పైన నీలం ప్లాస్టిక్ అట్ట. మధ్యలో ఒక ఫారం 1040, అంటే అమెరికాలో వ్యక్తులు వేసే ఆదాయపు పన్ను రిటర్న్, జిరాక్స్ ఉంది. పైన చేత్తో ‘శాంపిల్ రిటర్న్’ అని రాశారు. మొదటి పేజీలో పేరు మీదా సోషల్ సెక్యూరిటీ నంబరు మీదా నల్ల మార్కర్ గీశారు. పేజీలు తిప్పుతూ పోతే, అద్దె ఆదాయం చూపించే షెడ్యూల్ ఇ దగ్గర మాత్రం మార్కర్ గీయడం మర్చిపోయారు. పేరు, నంబరు రెండూ ఉన్నాయి. ఇంటిపేరు మనవాళ్లదే. వెనక జతచేసిన డబ్ల్యూ-2, అంటే కంపెనీ ఇచ్చే జీతం కాగితం మీద టెక్సాస్‌లో వాళ్లుండే ఇంటి అడ్రస్ ఉంది.

"ఇది నిజంగా ఒక మనిషిదని తెలుసా అమ్మా?" అని అడిగాను. "ఎగ్జాంపుల్ అనుకున్నాను మేడం" అంది. ఆ బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారంటే, అరవై మంది అని చెప్పింది. అరవై ఇళ్లల్లో, అరవై బ్యాగుల్లో ఒక కుటుంబం జీతం, అప్పు, అద్దె, నంబరు తిరుగుతున్నాయి. అవి ఇక్కడ తిరుగుతున్నట్టు వాళ్లకు తెలియనే తెలియదు.

అది ఏ సెంటర్ అని నేను రాయను, రాయాల్సిన అవసరం కూడా లేదు. ఇలాంటి శాంపిళ్లు వాడేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగి, తమ నోట్సు ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు.

అమెరికా పన్ను చట్టంలో 7216 అని ఒక సెక్షన్ ఉంది. రిటర్న్ తయారుచేసే మనిషి క్లయింటు సమాచారాన్ని తెలిసిగానీ నిర్లక్ష్యంగాగానీ బయటివాళ్లకు ఇచ్చినా, ఆ రిటర్న్ పనికి కాకుండా ఇంకోదానికి వాడినా అది క్రిమినల్ నేరం. ఏడాది వరకు జైలు, 1,000 డాలర్ల వరకు జరిమానా. అక్కడి సంస్థ క్లయింటు కాగితాలు హైదరాబాద్‌కు పంపించాలన్నా, ముందుగా ఆ క్లయింటు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ ఇంటివాళ్లు కూర్చుని, తమ కాగితాలు అమెరికా బయటికి వెళ్తాయని చదివి, సరే అని సంతకం పెడితేనే మన పిల్లల కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరుచుకుంటుంది. ఈ సెక్షన్‌ను మొదటి రోజు మొదటి గంటలో చెప్పాలి. చాలా కోర్సుల్లో ఇది అసలు లేదు. ఉన్నా చివర్లో ‘ఎథిక్స్’ అనే పేరుతో అరగంటలో అయిపోతుంది.

పాఠం చెప్పడానికి నిజం మనుషుల కాగితాలు అక్కర్లేదు. ఒక కుటుంబాన్ని మీరే సృష్టించండి. కొంచెం శ్రమే, కాదనను. కానీ ఒక్కసారి చేసుకుంటే పదేళ్లు పనికొస్తుంది.

ఇక పాఠం సంగతి.

మీ కోర్సు చాలావరకు ఆరు వారాలో ఎనిమిది వారాలో ఉంటుంది. అందులో సగం సాఫ్ట్‌వేర్ స్క్రీన్ దగ్గరే గడిచిపోతుంది. ఒకటో బాక్స్ అంకె ఇక్కడ కొట్టు, రెండో బాక్స్ అంకె అక్కడ కొట్టు. పిల్లలు చకచకా కొట్టేస్తారు, వేగంలో వాళ్లకు వంక పెట్టలేం. అదే డబ్ల్యూ-2 చేతికిచ్చి, "ఒకటో బాక్స్‌లో జీతం 92,000 ఉంది, మూడో బాక్స్‌లో 1,00,000 ఉంది, ఎందుకమ్మా?" అంటే ఆగిపోతారు. 12వ బాక్స్‌లో డి అనే అక్షరం పక్కన 8,000 ఉంటుంది. అది ఉద్యోగి తన 401(కె) అనే రిటైర్‌మెంట్ ఖాతాలో దాచుకున్న డబ్బు. దానికి ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, సోషల్ సెక్యూరిటీ పన్ను మాత్రం ఉంటుంది. ఆ మాట చెప్పగానే మొహం విప్పారుతుంది. "ఇంతేనా మేడం!" అంటారు. ఇంతే. కానీ ఆ ఇంత వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నేను కొత్తగా చేరినవాళ్లకు రెండు వారాలు సాఫ్ట్‌వేర్ ఇవ్వను. ఫారం 1040 రెండు పేజీలూ ప్రింటు తీసి, పెన్సిలు, రబ్బరు ఇస్తాను. ప్రతి గీత దగ్గరా ఆగి, ఈ అంకె ఎక్కడ్నుంచి వచ్చింది, ఇక్కడ్నుంచి ఎటు పోతుంది అని చేత్తో రాయాలి. మొదటి రిటర్న్‌కి ఒక రోజంతా పడుతుంది. ఇందుకు మా పైవాళ్లతో నేను మాటలు పడ్డాను కూడా. కానీ అలా రాసినవాళ్లకు మార్చిలో సాఫ్ట్‌వేర్ తప్పు అంకె చూపిస్తే, ఇది తప్పు అని తెలుస్తుంది. స్క్రీన్ మీద నేర్చుకున్నవాళ్లకు తెలియదు. స్క్రీన్ మీద వచ్చింది కాబట్టి కరెక్టే అనుకుంటారు. లేదంటే పోయినేడాది రిటర్న్ పక్కన పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలా దించేస్తారు. పోయినేడాది ప్రిపేరర్ చేసిన తప్పు కూడా దాంతోపాటే దిగుతుంది.

మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్లు బి.కామ్‌లో మన ఇన్‌కమ్ ట్యాక్స్ చదివి వస్తారు. అది మంచిదే. కానీ ఆ చట్టం తెలియకుండానే చేతికి అంటుకుని వస్తుంది. అద్దె ఆదాయం కనిపించగానే అందులో 30 శాతం తీసేస్తారు, మన చట్టంలో అలా ఉంది కాబట్టి. అమెరికా చట్టంలో ఆ 30 శాతం లేదు. రిపేర్లు, ఇన్సూరెన్సు, ఆస్తి పన్ను లాంటి అసలు ఖర్చులు చూపించాలి. పైగా ఇంటి మీద తరుగుదల తీయాలి, అదీ స్థలం విలువ పక్కన పెట్టి. ఇల్లు డాలస్‌లో ఉంటే 27.5 ఏళ్లు. అదే మియాపూర్‌లో ఫ్లాట్ అయితే, 2018 నుంచి అద్దెకిచ్చినదానికి 30 ఏళ్లు, అంతకుముందు నుంచి ఉన్నదానికి 40 ఏళ్లు. మన దగ్గర మొగుడి రిటర్న్ మొగుడిది, పెళ్లాం రిటర్న్ పెళ్లానిది. అక్కడ ఇద్దరూ కలిసి ఒకే రిటర్న్ వేయొచ్చు. వేస్తే ఆ పన్నుకు ఇద్దరూ పూర్తిగా బాధ్యులు. మన ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, వాళ్లది జనవరిలో. ఇక్కడి కంపెనీ ఇచ్చే జీతం, పన్ను సర్టిఫికెట్ ఫారం 16లో ఉన్న అంకెను ఎత్తి నేరుగా 1040లో పెట్టేసిన ట్రైనీలను నేను లెక్కలేనంతమందిని చూశాను. అది పిల్లల తప్పు కాదు. నెలలవారీగా విడగొట్టి, మళ్లీ జనవరి నుంచి డిసెంబరుకు కూర్చాలని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఇంకా పెద్దదే చేశాను.

అది నా మూడో సీజన్. క్లయింట్లు కాలిఫోర్నియాలో ఉంటున్న భార్యాభర్తలు, కోస్తా జిల్లాల వాళ్లు. ఆ ఏడాది ఊళ్లో పొలం అమ్మారు. కాగితాలతోపాటు ఒక చీటీ పెట్టారు: ‘వ్యవసాయ భూమి, ఇండియాలో ఎగ్జెంప్ట్’. నిజమే, పట్టణ పరిధికి దూరంగా ఉన్న పల్లెటూరి పొలం మన చట్టం ప్రకారం క్యాపిటల్ అసెట్ కిందికే రాదు, లాభానికి పన్ను లేదు. బి.కామ్‌లో నేను చదువుకున్నదీ అదే. సంతోషంగా పక్కన పెట్టేశాను. మర్నాడు ఫైల్ రివ్యూ నుంచి తిరిగొచ్చింది. మా సీనియర్ రాసింది ఒక్కటే వాక్యం: "ఏ చట్టం ప్రకారం ఎగ్జెంప్ట్?"

ఆ వాక్యం చూసి చాలాసేపు కదల్లేదు. అమెరికా పన్నుకు రెసిడెంట్ అయిన మనిషికి ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అమెరికా రిటర్న్‌లో చూపించాల్సిందే. ఇక్కడ మినహాయింపు ఉందన్న సంగతి ఆ చట్టానికి పట్టదు. పైగా ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి, ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులోంచి తగ్గించే విదేశీ పన్ను క్రెడిట్ తీసుకుందామన్నా ఏమీ ఉండదు. మొత్తం అక్కడే కట్టాలి. కాలిఫోర్నియా కాబట్టి రాష్ట్రానికి కూడా కట్టాలి. అదే టెక్సాస్‌లో ఉంటే రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు.

సరే, చూపిద్దాం. లాభం ఎంత? దానికి కొన్న ధర కావాలి. అప్పుడు మా సీనియర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, క్లయింటుకు పంపాల్సిన ఒక ప్రశ్న రాయించారు. పొలం మీ నాన్నగారు బతికుండగా మీ పేరున రాసిచ్చారా, ఆయన పోయాక మీకు వచ్చిందా? ఆ ప్రశ్న ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అమెరికా చట్టంలో 1014, 1015 అని రెండు సెక్షన్లు పక్కపక్కనే ఉంటాయి. బతికుండగా గిఫ్ట్‌గా ఇస్తే ఇచ్చినవాళ్లు కొన్న ధరే పిల్లలకు వస్తుంది. చనిపోయాక వస్తే, సాధారణంగా చనిపోయిన రోజు మార్కెట్ ధరే కొన్న ధర అవుతుంది. నాన్నగారు 1988లో ఎకరం 20,000 రూపాయలకు కొన్నారనుకోండి. ఆయన పోయేనాటికి ఎకరం 50 లక్షలుంది, తర్వాత 60 లక్షలకు అమ్మారనుకోండి. గిఫ్ట్ సెటిల్‌మెంట్ అయితే దాదాపు 60 లక్షలూ లాభమే. వారసత్వం అయితే 10 లక్షలు. అదే పొలం, అదే కొనుగోలుదారు, అదే చెక్కు. రిజిస్ట్రేషన్ కాగితం మీద పైనున్న ఒక్క మాటను బట్టి పన్ను మారిపోతుంది. రూపాయలను డాలర్లలోకి మార్చేటప్పుడు కూడా కొన్న ధరగా లెక్కించే నాటి రేటు వేరు, అమ్మిన నాటి రేటు వేరు.

ఆ కాగితం చదవగలిగేది ఎవరు మాస్టారూ? న్యూజెర్సీలో కూర్చున్న అమెరికన్ అకౌంటెంట్ చదవలేడు. దాన సెటిల్‌మెంట్ అంటే ఏంటో, పట్టా పాస్‌బుక్ అంటే ఏంటో, పొలం నాన్న పేరు మీద ఉండి అన్నదమ్ములు పంచుకోవడం అంటే ఏంటో మన పిల్లలకే తెలుసు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆ అమ్మాయికి ఈ సంగతి చెబితే, "మా ఇంట్లో కూడా ఇలాగే రాసుకున్నారు మేడం" అంది. ఆమెకున్న ఆ తెలివిడి మీ నోట్సులో ఎక్కడా లేదు. అందులో ఉన్నవన్నీ జాన్, మేరీల కథలు. వాళ్లకు పొలం ఉండదు, అమ్మతో కలిపి జాయింట్ ఎఫ్.డి. ఉండదు, విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఎన్.ఆర్.ఇ. ఖాతా ఉండదు.

జాయింట్ ఎఫ్.డి. అన్నాను కదా. అమ్మ డబ్బే, పేరుకు మాత్రం కొడుకుది రెండోది, ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’. కొడుకు అమెరికాలో ఉంటాడు. విదేశీ ఖాతాల్లో ఉన్నవి అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఫారం 114 వేయాలి. అది రిటర్న్‌తో పాటు పోదు, వేరే చోటికి వేరుగా వెళ్తుంది. ఆ డబ్బు నాది కాదండీ అంటే సరిపోదు, ఖాతా మీద పేరుంది. మన ప్రిపేరర్ కాగితాలు చూస్తూ "మీ అమ్మగారి ఖాతాలో మీ పేరు ఉందా?" అని అడిగితే ఒక ఇంట్లో ఏళ్ల తరబడి టెన్షన్ తప్పుతుంది. ఆ ప్రశ్న తట్టాలంటే మన ఇళ్లు తెలియాలి, వాళ్ల చట్టమూ తెలియాలి.

విద్యార్థుల సంగతి కూడా చెప్పండి. మన దగ్గర్నుంచి ఏటా ఎంతమంది ఎఫ్-1 వీసా మీద వెళ్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. పన్నుకు రెసిడెంటా కాదా అన్నది అక్కడ గడిపిన రోజుల లెక్కతో తేలుతుంది, సాధారణంగా వాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో ఆ రోజులు లెక్కకు రావు. నాన్ రెసిడెంట్‌గా 1040-ఎన్.ఆర్. వేయాలి. ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మామూలు 1040 వేసేసి తర్వాత తల పట్టుకునేవాళ్లు చాలామంది. 2021 డిసెంబరు 28న విమానం దిగిన అబ్బాయికి ఆ నాలుగు రోజులకే 2021 ఒక సంవత్సరం అయిపోతుంది. 2025తో ఐదూ పూర్తి, 2026 నుంచి రోజులు లెక్కపెట్టాలి. మన రెండు దేశాల ఒప్పందంలో 21వ ఆర్టికల్ కింద భారతీయ విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, నాన్ రెసిడెంట్లకు మామూలుగా దొరకనిది. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం పొరపాటున కోసేసి ఉంటే తిరిగి అడగొచ్చు. మీ క్లాసులో కూర్చున్న పిల్లల అన్నలు, అక్కలు ఈ పరిస్థితిలోనే ఉన్నారు. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఇంకేం దొరుకుతుంది?

ఇంకో మాట, పాత నోట్సు గురించి. 2025 జులై 4న అక్కడ కొత్త పన్ను చట్టం మీద సంతకం అయింది. అందులో కొన్ని మార్పులు ఆ ఏడాది మొదటి నుంచే వర్తించాయి. ఒంటరి వ్యక్తి స్టాండర్డ్ డిడక్షన్ అప్పటిదాకా 15,000 డాలర్లు అనుకున్నది 15,750 అయింది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు గరిష్ఠ పరిమితి 10,000 నుంచి 40,000కు పెరిగింది. జూన్‌లో ప్రింటు చేసిన నోట్సు జులైలో పాతబడిపోయింది. మీరు దాన్ని నవంబరు బ్యాచ్‌కి కూడా ఇస్తే, ఆ పిల్లలు జనవరిలో మా దగ్గరికొచ్చి పాత అంకె చెబుతారు. ఇది చాలదన్నట్టు, అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. ఇచ్చే లైసెన్సు కోసం రాసే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్షలో అడిగేది అంతకుముందు ఏడాది డిసెంబరు 31 నాటి చట్టం. 2025 డిసెంబరులో పరీక్ష రాసిన అమ్మాయి 2024 అంకె 14,600కు టిక్ పెట్టాలి. అదే అమ్మాయి నెల తిరక్కుండా ఆఫీసులో 15,750తో రిటర్న్ చేయాలి. రెండూ కరెక్టే. ఏ అంకె ఏ ఏడాదిదో ముందే చెప్పకపోతే పిల్ల బెదిరిపోతుంది. అంకెలు బట్టీ పట్టించకండి. ఫారంతో పాటు వచ్చే ఇన్‌స్ట్రక్షన్లు, పబ్లికేషన్ 17, విదేశీయుల కోసం రాసిన పబ్లికేషన్ 519 ఐ.ఆర్.ఎస్. వాళ్లు ఉచితంగా ఇస్తారు. వాటిలో వెతకడం నేర్పండి. ఇంగ్లిష్‌లో పెద్ద వాక్యం చూసి భయపడే పిల్లకు రోజుకొక పేరా చదివించి, తెలుగులో అర్థం చెప్పించండి. నేను చేయించాను, మూడు నెలల్లో భయం పోతుంది.

ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డిగ్రీ అక్కర్లేదు, అమెరికా పౌరులై ఉండక్కర్లేదు, నిజమే. మూడు భాగాలు, ఒక్కోదానికి మూడున్నర గంటల్లో 100 ప్రశ్నలు, మూడేళ్లలోపు మూడూ పాసవ్వాలి. పాసయ్యాక కూడా మూడేళ్లకు 72 గంటలు చదువుతూనే ఉండాలి. ఇవి చెబుతున్నారు. చెప్పనిది ఏంటంటే, పరీక్ష పాసైన రోజు వచ్చేది ఉద్యోగం కాదు, ఇంటర్వ్యూ పిలుపు. కొన్ని ఉద్యోగాలు సీజన్ వరకే ఉంటాయి, ఏప్రిల్ 15 దాటాక ఇంటికి పంపేస్తారు. జనవరి నుంచి రాత్రిళ్లు పని ఉంటుంది. నేను ఈ పదిహేనేళ్లలో ఉగాది పచ్చడి ఎక్కువసార్లు ఆఫీసు పాంట్రీలో పేపర్ కప్పుతోనే తిన్నాను. దాని గురించి నాకు బాధ లేదు, ఈ పని నాకు ఇష్టం. కానీ తల్లిదండ్రులు పుస్తెలతాడు కుదువబెట్టి ఫీజు కట్టినప్పుడు, ‘జాబ్ గ్యారంటీ’ అనే రెండు మాటలు బోర్డు మీద ఉండకూడదు. అలా రాయకపోతే పక్క సెంటర్‌కి పోతారు అంటారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. అయినా ఆ బోర్డు తీసేయమనే అడుగుతున్నాను.

అడగడంతో ఊరుకోవడం లేదు. పాఠం కోసం నేను ఒక కుటుంబాన్ని తయారుచేశాను. భర్తకు జీతం, భార్యకు చిన్న వ్యాపారం, కూకట్‌పల్లిలో అద్దెకిచ్చిన ఫ్లాట్, అమ్మతో జాయింట్ ఎఫ్.డి., ఈ ఏడాది అమ్మిన రెండెకరాల పొలం, ఎఫ్-1 మీద ఉన్న తమ్ముడు. డబ్ల్యూ-2, బ్యాంకు స్టేట్‌మెంట్లు, గిఫ్ట్ డీడ్ నకలు, ఫారం 16 అన్నీ కలిపి 24 కాగితాలు. పేర్లు, నంబర్లు, ఊరు అన్నీ కల్పితమే. ఏ సెంటర్ వాళ్లు అడిగినా ఇస్తాను, డబ్బు వద్దు. మే నుంచి డిసెంబరు వరకు నాకు శనివారాలు ఖాళీ. పిలిస్తే వచ్చి ఆ 24 కాగితాలతో ఒక రోజంతా పిల్లల దగ్గర కూర్చుంటాను. పెన్సిళ్లు నేనే తెస్తాను. ఈలోగా మీ నోట్సులో ఆ జిరాక్స్ పేజీలు ఉంటే చించి కాల్చేయండి. ఇప్పటికే ఇచ్చిన కాపీలను పిల్లల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి.

మీ నుంచి మాట కోసం ఎదురుచూస్తూ,

ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్,
హైదరాబాద్